కారు క్రింది చప్పుడు – వినవలసిన రీతి, బాగుచేయవలసిన రీతి

ఎడ్లబండి తోలిన పెద్దలు మన పల్లెలలో ఇంకను కొందరున్నారు. వారిని అడిగి చూడండి. ఇరుసు కిర్రుమనగానే వారికి సంగతి తెలిసిపోయేది. బండి ఆపి, చక్రము ఊడదీసి, కందెన పూసి, సీల బిగించి మరల తోలుకొని పోయేవారు. చప్పుడు విని ఊరకుండిన వాని బండి దారిలోనే కూలబడుతుందని చిన్న పిల్లవానికి కూడ తెలుసు.

ఇప్పుడు ఎడ్లబండి స్థానములో కారు వచ్చినది. క్రొత్తది కాకపోయినా, ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మినదైనా, ఇంటిల్లిపాది కలసి ప్రయాణము చేయుటకు ఒక చిన్న కారు అనేక కుటుంబములకు అమరినది. కాని కారు క్రింద టక్ టక్ మని చప్పుడు వచ్చినప్పుడు మనలో చాలమంది రెండు పొరపాట్లలో ఒకటి చేస్తున్నాము. పాటల శబ్దము పెంచి ఆ చప్పుడు వినబడకుండ చేసికొనుట మొదటిది. ఎవరో ఒకరు చెప్పిన మాట పట్టుకొని, కారణము తెలియకుండానే ఖరీదైన భాగములు మార్పించుట రెండవది. మొదటి పొరపాటు ప్రాణమునకు ముప్పు. రెండవది సంసారమునకు నష్టము. ఈ రెండవ పొరపాటు నేనును చేసినవాడనే గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాకు జరిగినది

మాది అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరము ప్రాంతము. 2022 ఏప్రిల్ వరకు ఇది విశాఖపట్నము జిల్లాలో ఉండేది. జాతీయ రహదారి మీద అడ్డరోడ్డు కూడలి దాక కారు నున్నగా పోతుంది. అక్కడ నుండి పల్లెదారి పట్టితే సంగతి వేరు. వర్షాకాలములో గోతులు, చెరకు సీజనులో బరువు బండ్లు నలిపిన గాళ్ళు, ప్రతి ఊరి మొదట, చివర ఎత్తైన స్పీడ్ బ్రేకర్లు. మా ఇంట ఉన్నది పాత రకపు మారుతి ఆల్టో. వేరొకరి వద్ద కొన్నది.

ఒక వేసవిలో దాని ముందు చక్రముల వైపు నుండి చప్పుడు మొదలైనది. చిన్న గతుకులలో టక్ టక్. బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి దడ్. పట్టణములో ఒక షెడ్డుకు తీసికొని వెళ్ళితే వారు కారు నడిపి చూడలేదు. ముందు భాగమును రెండుసార్లు అదిమి, “షాక్ అబ్జార్బర్లు పోయాయి, రెండూ మార్చాలి” అన్నారు. మా అమ్మాయి కాలేజీ ఫీజుకని నా భార్య దాచిన డబ్బు తీసి ఇచ్చాను. క్రొత్తవి వేశారు. తిరుగు ప్రయాణములో మొదటి స్పీడ్ బ్రేకర్ దిగగానే మరల అదే టక్, అదే దడ్! నా భార్య ఏమియు అనలేదు. ఆ మౌనము నాకు చప్పుడుకంటె ఎక్కువగా వినబడినది.

మరల వెళ్ళితే ఈసారి స్టీరింగ్ ర్యాక్ మార్చాలన్నారు. అది ఇంకను ఖరీదు. అప్పుడు తెలిసినవారొకరు ఒక పెద్ద వయసు మేస్త్రీని చూపించారు. ఆయన కారు ముట్టుకొనక ముందే, “అయ్యగారూ, సప్పుడు గొయ్యిలో పడినప్పుడొస్తాదా, బ్రేకు తొక్కినప్పుడొస్తాదా?” అని అడిగాడు. రెండింటిలోను వస్తుందన్నాను. “అయితే నడపండి, నేను పక్కన కూకుంటాను” అన్నాడు. పది నిమిషములు తిరిగి వచ్చాము. కారు లేపి స్టాండ్ల మీద నిలిపి, క్రింద ఒక ఇనుప గడ్డతో ఒక చోట ఎగదన్నాడు. టక్ మన్నది. స్టెబిలైజర్ బారు చివర లోయర్ ఆర్మ్‌లోనికి దూరే చోట ఉండే రబ్బరు బుష్ పూర్తిగా అరిగి, ఇనుము ఇనుమునకు తగులుచున్నది. రెండు వైపుల రబ్బర్లు మార్చాడు. షాక్ అబ్జార్బర్లకు పెట్టిన దానిలో పదవ వంతు కూడ కాలేదు. చప్పుడు ఆగిపోయినది.

మేస్త్రీ చేసినది మంత్రము కాదు. అడిగాడు, విన్నాడు, చూచాడు, ఆ తరువాతనే విప్పాడు. ఈ వరుస మనమును నేర్చుకొనవచ్చును.

చక్రమునకు, మనకు మధ్య ఏమున్నది?

గతుకు దెబ్బ సూటిగా మన నడుమునకు తగలకుండ చక్రమునకును కారు బాడీకిని మధ్య అమర్చిన ఏర్పాటే సస్పెన్షన్. దానిలోని ముఖ్య భాగములు తెలిసికొంటే చప్పుడు అర్థమవుతుంది.

స్ప్రింగు: బరువును మోసేది, దెబ్బను తీసికొనేది ఇదే. చిన్న కార్లలో చుట్ట స్ప్రింగులుంటాయి. 2014లో తయారీ ఆగిన అంబాసిడర్ వెనుక, 2019లో ఆగిన ఓమ్ని వ్యాను వెనుక ఉన్నవి కమాన్ కట్టలు. బొలెరో వెనుక కూడ అవే.

షాక్ అబ్జార్బర్: పేరునుబట్టి దెబ్బను ఇదే మ్రింగుతుందని అనుకుంటాము గాని, నిజమునకు దీని పని వేరు. అణగిన స్ప్రింగు ఉయ్యాలవలె పైకి క్రిందికి ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బర్. దాని గొట్టములో నూనె ఉంటుంది. ఆ నూనె పిస్టనులోని సన్నని రంధ్రముల గుండా పోవలసి వచ్చినందున ఊపు తగ్గి వేడిగా మారిపోతుంది. ముందు చక్రముల వద్ద స్ప్రింగును, షాక్ అబ్జార్బర్‌ను ఒకే స్తంభముగా కలిపిన అమరికను మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజినీరు రూపొందించిన అమరిక ఇది. నేడు మన చిన్న కార్లలో ఎక్కువగా ఉన్నది ఇదే.

లోయర్ ఆర్మ్, బాల్ జాయింట్: చక్రమును దాని స్థానములో పట్టి ఉంచే చేయి లోయర్ ఆర్మ్. ఆ చేతి చివర, మన భుజము కీలువలె అన్ని వైపులకు తిరిగే గుండు కీలు బాల్ జాయింట్. ఇది ఊడితే చక్రము ప్రక్కకు వాలిపోతుంది.

స్టెబిలైజర్ బారు: మలుపులో కారు ఒక ప్రక్కకు ఒరగకుండ రెండు చక్రములను కలిపే ఇనుప కడ్డీ. అనేక కార్లలో దీనిని చిన్న లింక్ రాడ్లు చక్రము వైపునకు కలుపుతాయి. మారుతి 800, పాత ఆల్టోలలో మాత్రము ఈ బారే లోయర్ ఆర్మ్‌ను ముందుకు వెనుకకు కదలకుండ పట్టి ఉంచుతుంది. గనుకనే దాని రబ్బరు అరిగితే గతుకులోనే గాక బ్రేకు వేసినప్పుడు కూడ దడ్ మంటుంది. మేస్త్రీ అడిగిన ఆ మొదటి ప్రశ్న వెనుక ఉన్న తెలివి ఇదే.

రబ్బరు బుష్‌లు: ఇనుము ఇనుమునకు తగలకుండ ప్రతి కీలు వద్ద ఉండే రబ్బరు ఉంగరములు. వీటికి ఖరీదు తక్కువ. చప్పుళ్ళలో చాల భాగము వీటి వద్దనే పుడుతుంది.

ముందు డిక్కీ ఖాళీ చేయండి

నవ్వకండి! చప్పుడని షెడ్డుకు పోయిన కార్లలో కొన్నింటికి అసలు సస్పెన్షన్ జబ్బే ఉండదు. డిక్కీలో జాకీ, పానాలు, వదులైన స్టెప్నీ, ఇంటికి తెచ్చిన కొబ్బరికాయలు – ఇవి గతుకులో ఎగిరి పడి అచ్చముగా అదే మోత చేస్తాయి. గనుక మొదట డిక్కీ, సీట్ల క్రింది భాగము, తలుపుల అరలు పూర్తిగా ఖాళీ చేసి అదే దారిలో ఒకసారి నడపండి. బ్యాటరీ బిగింపు, బానెట్ లాకు, నెంబరు ప్లేటు, సైలెన్సరును వ్రేలాడదీసిన రబ్బర్లు చేతితో కదిపి చూడండి. చల్లారిన తరువాతనే సైలెన్సరును ముట్టవలెను. ఖాళీ వెనుక సీటు మీద బెల్టు బకిల్ ప్లాస్టిక్కునకు తగిలినా టక్ టక్ మంటుంది.

టైర్లలో గాలి కూడ చూడండి. ఎంత ఉండవలెనో డ్రైవరు తలుపు తెరచిన చోట అంటించిన చీటీ మీద సాధారణముగా ఉంటుంది. గాలి మరీ ఎక్కువైతే మంచి కారు కూడ దడదడలాడుతుంది.

చప్పుడు ఎప్పుడు వస్తుంది?

ఇది అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న. ఒకరు నడుపుతుండగా ఇంకొకరు ప్రక్కన, తరువాత వెనుక కూర్చుండి వినవలెను. అద్దములు దించి గోడ ప్రక్కగా మెల్లగా పోతే చప్పుడు గోడకు తగిలి తిరిగి వచ్చి ఏ వైపుదో తేటగా తెలుస్తుంది. ముందుగా ఒక పెద్ద విభజన చేసికొనండి. రోడ్డునుబట్టి వచ్చే చప్పుడు ఒకటి, వేగమునుబట్టి వచ్చే చప్పుడు ఇంకొకటి. నున్నని హైవే మీద కూడ వస్తూ, వేగముతోపాటు పెరిగేదైతే అది ఎక్కువగా టైరుదో, బేరింగుదో గాని సస్పెన్షన్‌ది కాదు.

1. చిన్న గతుకులలో, తక్కువ వేగములో టక్ టక్: స్టెబిలైజర్ లింక్ రాడ్డు లేక దాని రబ్బర్లను మొదట అనుమానించండి. తరువాత స్ట్రట్ పై మౌంట్, బాల్ జాయింట్.

2. బ్రేకు వేసినప్పుడు, కారు కదిలినప్పుడు ఒక్కసారి దడ్: లోయర్ ఆర్మ్ బుష్. మారుతి 800, పాత ఆల్టోలకైతే స్టెబిలైజర్ బారు చివరి రబ్బరు. ఇంజను మౌంట్ రబ్బరు పోయినా ఇటువంటి చప్పుడే వస్తుంది.

3. స్పీడ్ బ్రేకర్ మెల్లగా ఎక్కి దిగేటప్పుడు కిర్రు కిర్రు: ఎండిపోయిన రబ్బరు బుష్ లేక గ్రీజు ఇంకిపోయిన బాల్ జాయింట్.

4. నిలిచి ఉన్న కారులో స్టీరింగు త్రిప్పితే టంగ్ మని తీగ మీటినట్లు: స్ట్రట్ పైనుండే బేరింగు పట్టివేసినది. స్ప్రింగు తిరుగలేక మెలిపడి, ఒక్కసారిగా జారుతున్నదన్న మాట. స్ప్రింగు చుట్ట విరిగినా ఇలాగే మ్రోగవచ్చును.

5. పెద్ద గోతిలో దబ్ మని అడుగు తగిలినట్లు: షాక్ అబ్జార్బర్ బలము తగ్గినది, లేక అడుగున ఉండే రబ్బరు దిమ్మ చెడినది. అతి బరువు వేసినా ఇంతే.

6. స్టీరింగు పూర్తిగా త్రిప్పి ముందుకు పోతుంటే కట కట కట: ఇది సస్పెన్షన్ కాదు. ముందు చక్రములను ఇంజను త్రిప్పే కార్లలో చక్రము వద్దనున్న యాక్సిల్ జాయింట్ అరిగినది. దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు కారిపోయినదేమో చూడండి.

7. వేగముతో పెరిగే హుమ్మనే మూలుగు: చక్రము బేరింగు. ఖాళీ రోడ్డు మీద కొంచెము కుడికి మళ్ళితే మూలుగు పెరిగినచో ఎడమ బేరింగును, ఎడమకు మళ్ళితే పెరిగినచో కుడి బేరింగును అనుమానించండి. టైరు పళ్ళు మిట్టపల్లాలుగా అరిగినా ఇటువంటి మోతే వస్తుంది.

ఇంకొక చిన్న పరీక్ష. గతుకులలో టక్ టక్ మంటుండగా బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించండి. చప్పుడు వెంటనే ఆగిపోతే అది బ్రేకు ప్యాడ్లు లేక క్యాలిపర్ వదులై చేసే చప్పుడు కావచ్చును.

ఇంటి వద్ద చేయదగిన పరీక్షలు

అదిమి చూచుట: కారు ఒక మూలను రెండు చేతులతో గట్టిగా అదిమి వదలండి. పైకి లేచి కుదురుకొనవలెను. రెండు మూడుసార్లు ఊగితే ఆ షాక్ అబ్జార్బర్ అలసినట్లే. కాని ఊగకపోయినంత మాత్రమున అది మంచిదని చెప్పలేము. గొట్టము మీద నూనె కారి దుమ్ము అంటుకొన్నదేమో కూడ చూడండి. సన్నని తడి పొర వేరు, ధారగా కారుట వేరు.

ఎత్తు చూచుట: చదునైన నేల మీద నాలుగు చక్రముల వద్ద నేల నుండి మడ్‌గార్డు అంచు వరకు కొలవండి. ముందు రెండింటిలో, లేక వెనుక రెండింటిలో, ఒకటి బాగా దిగి ఉంటే స్ప్రింగు కూలినదో విరిగినదో. స్ప్రింగు సాధారణముగా నీరు, మట్టి నిలిచే అడుగు చుట్ట వద్ద త్రుప్పు పట్టి విరుగుతుంది. రేవుపోలవరము వంటి సముద్రతీరమునకు తరచుగా పోయే కార్లు దీనిని మరి జాగ్రత్తగా చూచుకొనవలెను. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తినివేయబడుతుంది.

చక్రము ఊపి చూచుట: గట్టి, చదునైన నేల మీద కారు నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రములకు ముందు వెనుకల రాళ్ళు పెట్టి, అప్పుడు ముందు చక్రమును జాకీతో లేపవలెను. చక్రము పైభాగమున ఒక చేయి, క్రిందిభాగమున ఒక చేయి వేసి ఊపండి. ఆడితే బేరింగు లేక బాల్ జాయింట్. కుడి ఎడమల పట్టి ఊపినప్పుడు ఆడితే స్టీరింగు టై రాడ్ ఎండ్ లేక ర్యాక్. రెండు విధములుగాను ఒకేలా ఆడితే బేరింగు మీద అనుమానము ఎక్కువ.

ఒక్క మాట మాత్రము మరువకండి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన కారు క్రిందికి ఎవరును దూరరాదు. చేయి, తల కూడ పెట్టరాదు. జాకీ చక్రము మార్చుటకే గాని మనిషిని కాపాడుటకు కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పేర్చి ధైర్యము చేయకండి, అవి హఠాత్తుగా పగులుతాయి. క్రింద చూడవలసిన పని ఉంటే గుంత ఉన్న షెడ్డులోనో, సరైన స్టాండ్ల మీదనో చూడవలెను. పిల్లలను దూరముగా ఉంచవలెను.

లింక్ రాడ్డు విషయములో ఒక చిక్కున్నది. ఒక్క చక్రము లేపితే స్టెబిలైజర్ బారు మెలిపడి లింకును బిగబట్టుతుంది. అప్పుడు ఊపితే అరిగిన లింకు కూడ గట్టిగానే కనబడుతుంది. అందుచేత రెండు చక్రములు నేల మీద ఉన్నప్పుడే, గుంత మీద కారు నిలిపి, దానిని చేతితో కదిపి చూడవలెను. “లేపి చూచాము, అంతా బాగున్నది” అని చెప్పిన తరువాత కూడ టక్ టక్ ఆగకపోవుటకు ఇది ఒక కారణము.

కందెన పనికిరాని చోటు

ఎడ్లబండి అలవాటు మనలో ఎక్కడో మిగిలి ఉన్నది గనుక, కిర్రుమంటే చాలు నూనె పోయాలనిపిస్తుంది. కాని కారులోని రబ్బరు బుష్ ఇరుసువంటిది కాదు. ఇరుసు మీద చక్రము రాసుకుంటూ తిరుగుతుంది, అందుకు కందెన కావలెను. రబ్బరు బుష్‌లో ఎక్కువ రకములు జారవు. లోపలి గొట్టమును గట్టిగా పట్టుకొని, తానే మెలిపడి, తిరిగి యథాస్థితికి వస్తాయి. వాటి మీద ఇంజను ఆయిలు, గ్రీజు, డీజిలు వంటివి పూస్తే రెండు రోజులు చప్పుడు తగ్గినట్లుంటుంది. తరువాత రబ్బరు ఉబ్బి, మెత్తబడి, త్వరగా చెడుతుంది.

మంచి ఉపాయము మంచినీరే. అనుమానము ఉన్న బుష్‌ల మీద ఒక్కొక్కదాని మీదనే నీళ్ళు చల్లి కారును ఊపి చూడండి. ఏది తడిసినప్పుడు కిర్రు ఆగినదో దొంగ అక్కడ దొరికినట్లే. నీరు ఆరగానే కిర్రు మరల వస్తుంది. అది మందు కాదు, దొంగను పట్టు ఉపాయము మాత్రమే. కమాన్ కట్టల పిన్నులకు గ్రీజు నిపుల్ ఉన్న వాహనములలో మాత్రము గ్రీజు తప్పక కొట్టించవలెను. అక్కడ మన పెద్దల పద్ధతియే సరి. కట్టలను ఇరుసునకు బిగించే యు-బోల్టులు వదులైనవేమో, పట్టీ ఏదైనా విరిగినదేమో కూడ అప్పుడే చూడండి.

మెకానిక్కు వద్ద

రోగి వైద్యునికి చెప్పినట్లు చెప్పవలెను. “చప్పుడు వస్తోంది, చూడండి” అంటే చాలదు. ఏ వైపు, ఎంత వేగములో, గతుకులోనా, బ్రేకులోనా, మలుపులోనా, ఉదయము చల్లగా ఉన్నప్పుడా, మనుషులు నిండినప్పుడా – ఇవి ఒక కాగితము మీద వ్రాసికొని పొండి. ఆయనను కారులో కూర్చుండబెట్టి ఆ చప్పుడు వినిపించండి. వినకుండ భాగము పేరు చెప్పినవారితో, “ఎక్కడ ఆడుతున్నదో ఒకసారి చూపించండి” అని మర్యాదగా అడగండి. మంచి పనివాడు చూపించుటకు వెనుదీయడు. అడుగుట అవమానించుట కాదు.

మరమ్మతులో ఈ సంగతులు గుర్తుంచుకొనండి. షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు మార్చవలసి వస్తే ముందు రెండు గాని, వెనుక రెండు గాని జతగా మార్చవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది అయితే కారు ఒకే తీరుగా నిలువదు. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను కారు బరువు చక్రముల మీద నిలిచిన తరువాతనే పూర్తిగా బిగించవలెను. చక్రములు వ్రేలాడుతుండగా బిగిస్తే, క్రిందికి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోయి, కొద్దికాలములోనే చిరుగుతుంది. “మొన్ననే మార్చాము, అప్పుడే పోయినది” అనుటకు ఇది ఒక కారణము.

స్ట్రట్ విప్పుట ఇంటి పని కానే కాదు. చుట్ట స్ప్రింగులో అణచిపెట్టబడిన బలము చాల గొప్పది. స్ప్రింగును బిగించి పట్టే పనిముట్టు లేకుండ పై నట్టు విప్పితే అది ఎగిరి మనిషిని చంపగలదు. ఇది కేవలము తెలిసినవారే చేయవలెను.

ఆర్మ్, స్ట్రట్, టై రాడ్ ఎండ్ – వీటిలో ఏది మార్చినా వీల్ అలైన్‌మెంట్ చూపించండి. లేకపోతే క్రొత్త టైర్లు కూడ ఒక అంచున అరిగిపోతాయి. తీసివేసిన పాత భాగములను అడిగి తీసికొని చూడండి. చక్రము విప్పి బిగించిన తరువాత కొంత దూరము నడిపి, నట్లు మరొకసారి బిగింపు చూచుకొనండి.

ఆగగలిగినవి, ఆగరానివి

మన ఇండ్లలో ప్రతి ఖర్చును ఇప్పుడా తరువాతా అని తూచుకొనవలసిందే. అందుచేత ఇది తెలిసి ఉండుట మేలు.

వెంటనే కారు ఆపవలసినవి: బాల్ జాయింట్ ఆడుట, టై రాడ్ ఎండ్ ఆడుట, స్ప్రింగు విరుగుట, చక్రము నట్లు వదులగుట, బేరింగు గరగరలాడుతూ చక్రము ఊగుట. వీటిలో దేనినైనను “రేపు పెండ్లికి పోయి వచ్చి చూపిద్దాములే” అనరాదు. విరిగిన స్ప్రింగు కొన టైరును చీల్చగలదు. బాల్ జాయింట్ ఊడితే స్టీరింగు మన చేతిలో ఉన్నా చక్రము మన మాట వినదు. హైవే మీద అట్టిది జరిగితే ఏమగునో వ్రాయనక్కరలేదు.

త్వరలో చేయించవలసినవి: లోయర్ ఆర్మ్ బుష్, స్టెబిలైజర్ బారు రబ్బర్లు, నూనె కారుతున్న షాక్ అబ్జార్బర్. చెడిన షాక్ అబ్జార్బర్ వలన చక్రము రోడ్డును విడిచి విడిచి తగులుతుంది గనుక గతుకుల దారిలో బ్రేకు వేసినా కారు ఆగుటకు ఎక్కువ దూరము పడుతుంది. టైర్లును త్వరగా చెడతాయి.

కొన్నాళ్ళు ఆగగలిగినవి: లింక్ రాడ్డు చిన్న టక్ టక్, రబ్బరు కిర్రు, స్ట్రట్ మౌంట్ మొదటి చప్పుళ్ళు. అయితే అవి అవేనని ఒకరు చూచి చెప్పిన తరువాతనే ఆగవలెను, ఊహించి ఆగరాదు.

చప్పుడు రాకుండ

బరువు మితముగా ఉండవలెను. అయిదుగురి కారులో ఎనిమిదిమందిని, రెండు బియ్యపు బస్తాలను ఎక్కించి గోతులలో నడిపితే ఏ స్ప్రింగు ఓర్చుకొంటుంది? గోతిలోనికి దిగక ముందే బ్రేకు వేసి, దిగేటప్పుడు బ్రేకు వదిలివేయండి. బ్రేకు నొక్కి పట్టి దిగితే ముందు భాగము అప్పటికే అణగి ఉంటుంది గనుక దెబ్బ రెట్టింపు. స్పీడ్ బ్రేకర్‌ను ఒక ప్రక్క చక్రములతో ఏటవాలుగా కాక, సూటిగా, మెల్లగా దాటండి. వర్షాకాలము గడచిన తరువాత, సముద్రతీరమునకు పోయి వచ్చిన తరువాత, కారు క్రిందిభాగమును మంచినీటితో కడగండి. కరెంటు కార్లు కొంటున్నవారికి ఒక మాట: వాటిలో ఇంజను మోత లేదు గనుక క్రింది చప్పుడు మరింత తేటగా వినబడుతుంది. అది లోపము కాదు, మేలే.

మా కారులో ఇప్పుడు ఒక చిన్న నోటు పుస్తకము ఉన్నది. ఏ రోజున ఏ చప్పుడు వినబడినది, ఎక్కడ, ఏ భాగము ఎప్పుడు మార్చినది అందులో వ్రాస్తాము. మొదట దానిని పెట్టినది నా భార్యయే. ఫీజు డబ్బు మరల కూడబెట్టుటకు ఆమెకు ఎనిమిది నెలలు పట్టినది. ఆ పుస్తకపు మొదటి పేజీలో ఆమె వ్రాసినది ఒక్క మాట: “మార్చక ముందు చూపించమని అడుగు.” మొన్న వెనుక కుడివైపు కిర్రుమన్నది. ముందు ఆమెయే విన్నది. నీళ్ళు చల్లి చూచాము, బుష్ దొరికినది, చిన్న ఖర్చుతో పని అయిపోయినది.

ప్రియ పాఠకులారా, ఈ ఆదివారము మధ్యాహ్నము భోజనమైన తరువాత మీ డిక్కీ ఖాళీ చేసి, పాటలు ఆపి, అద్దములు దించి, ఊరి చివర వరకు ఒకసారి మెల్లగా నడిపి రండి. ఎడ్లబండి తోలిన తాతగారు ఇంట ఉంటే ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొనండి. చప్పుడు ఎక్కడిదో మనకంటె ముందుగా ఆయన చెవికే తెలియవచ్చును.